పిల్లలతో లైన్ గ్రాఫు: చుక్కల నుంచి గీత దాకా 10 క్లాసుల డైరీ

తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలు 9 మంది. ఒక్కో క్లాసు గంటంబావు, మొత్తం 10 క్లాసులు. లైన్ గ్రాఫు చూసి అర్థం చేసుకోవడం, సొంతంగా కొలిచి గీయడం, ఈ రెండూ రావాలన్నది లక్ష్యం. ఇంకెవరైనా ఇదే పని మొదలుపెడితే నేను పోగొట్టుకున్న టైం వాళ్లు పోగొట్టుకోకూడదని రాసిపెడుతున్నాను. అందుకే బాగా కుదిరిన రోజుల గురించి తక్కువ, కుదరని రోజుల గురించి ఎక్కువ ఉంటుంది.

ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది కంటితో చూసి చెప్పకూడదని మొదటి రోజే ఒక చెక్‌లిస్టు పెట్టుకున్నాను. చివరిదాకా అదే వాడాను.

1. పైన శీర్షిక ఉందా
2. రెండు అక్షాలకూ (అంకెలు వేసే అడ్డం గీత, నిలువు గీత) పేరు, పక్కనే యూనిట్ (నిమిషాలు, సెంటీమీటర్లు) రాశారా
3. అక్షం మీద అంకెల మధ్య దూరం లెక్క ప్రకారం ఉందా
4. అంకెలు గడి మధ్యలో కాకుండా గీత మీద పడ్డాయా
5. చుక్కలన్నీ వాటి చోట ఉన్నాయా
6. కలపాల్సినవే కలిపారా, కొలవని చోటికి గీత లాగకుండా ఉన్నారా

ఆరూ సరిగ్గా ఉంటేనే ఆ పిల్లకో పిల్లాడికో "వచ్చింది" అని లెక్క. ఐదుంటే రానట్టే. కాస్త కఠినంగా అనిపించవచ్చు గానీ, ఐదు సరిగ్గా ఉండి మూడోది తప్పితే ఆ గ్రాఫు మొత్తం అబద్ధం చెబుతుంది. ఎలాగో కింద వస్తుంది.

దశ 1: పట్టిక ఇచ్చి గీయమన్నాను (క్లాసులు 1, 2)

అందరూ చేసేదే చేశాను. బోర్డు మీద ఒక పట్టిక రాసి, అక్షాలు ఎలా గీయాలో చూపించి, చుక్కలు పెట్టి, కలిపి, ఇప్పుడు మీరు చేయండి అన్నాను. మొదటి క్లాసులో 9 కాగితాలు, రెండో క్లాసులో 9 కాగితాలు. రెండో రోజు సాయంత్రం వాటిని నేల మీద పరిచి, తప్పుల్ని కుప్పలుగా వేరు చేశాను. ఒక్కో కాగితంలో రెండు మూడు తప్పులుండటంతో కొన్ని రెండు కుప్పల్లోకీ వచ్చాయి.

రెండో రోజు 9 కాగితాల్లో:
- పట్టికలోని అంకెల్నే వరసగా, సమాన దూరంలో అక్షం మీద దించేసినవి: 5
- అంకెల్ని గడి మధ్యలో రాసినవి: 6
- అడ్డం, నిలువు తారుమారైనవి: 3
- మొదటి చుక్కకు ముందు సున్నా నుంచి ఒక గీత లాగినవి: 4

మొదటి తప్పు చాలా మొండిది. పట్టికలో 0, 5, 10, 20, 30 అని ఉంటే అక్షం మీద కూడా 0, 5, 10, 20, 30 అని పక్కపక్క గళ్లలో రాసేస్తారు. 10కీ 20కీ మధ్య దూరం 5కీ 10కీ మధ్య దూరానికి రెట్టింపు ఉండాలన్న ఆలోచనే రాదు. వాళ్ల దృష్టిలో అక్షం ఒక జాబితా. పట్టికను అలా పడుకోబెట్టారు, అంతే.

రెండో తప్పు ఎక్కడినుంచి వచ్చిందో కాసేపు ఆలోచిస్తే తెలిసింది. వాళ్లు ఇంతకు ముందు గీసినవన్నీ కమ్మీ చిత్రాలు (బార్ గ్రాఫులు). కమ్మీ చిత్రంలో పేరు కమ్మీ కింద, అంటే రెండు గీతల మధ్య ఖాళీలో రాస్తారు. అదే అలవాటు ఇక్కడికీ వచ్చింది.

మాటతో వచ్చిన తంటా ఇంకొకటుంది, ఇది తెలుగులో చెప్పేవాళ్లందరికీ పనికొస్తుంది. "ముందు స్కేలు నిర్ణయించుకోండి" అన్నాను. వెనక కూర్చున్న అబ్బాయి ప్లాస్టిక్ స్కేలు పైకెత్తి "నా దగ్గర ఇదొక్కటే ఉంది టీచర్" అన్నాడు. వాడి తప్పేం లేదు. గీతలు గీసే వస్తువునూ స్కేలే అంటాం, ఒక గడికి ఎంత విలువ అన్నదాన్నీ స్కేలే అంటాం. రెండు క్లాసులు నేను చెప్పిన ప్రతి వాక్యమూ సగంమందికి వేరే అర్థంలో వెళ్లింది. మూడో క్లాసు నుంచి గీసే వస్తువు "రూలరు", రెండోది "గడికి ఎంత". స్కేలు అన్న మాటే పూర్తిగా మానేశాను. ఆఖరి క్లాసులో మాత్రం, పాఠ్యపుస్తకంలో గ్రాఫు మూల "స్కేలు" అని ఉంటే అది మన "గడికి ఎంత" అని చెప్పాను, ఒక్క నిమిషంలో అర్థమైపోయింది.

కాగితం కూడా మార్చాను. మిల్లీమీటరు గళ్ల గ్రాఫు పేపరు ఈ వయసుకు వద్దు. సన్న గీతలు లెక్కపెట్టడంలోనే కళ్లు అలసిపోతున్నాయి. ఏ4 కాగితం మీద 1 సెంటీమీటరు గళ్లు ప్రింటు తీశాను, అంచులు పోగా అడ్డంగా 18 గళ్లు, నిలువుగా 25 వచ్చాయి. ఇక్కడినుంచి అన్నీ దాని మీదే.

ఇప్పటివరకు: 2 క్లాసులు, రెండున్నర గంటలు, 18 కాగితాలు. వచ్చినవాళ్లు 9 మందిలో 1.

దశ 2: కాగితం పక్కనపెట్టి నేల మీదికి (క్లాసు 3)

గడి మధ్యలోనా, గీత మీదా అన్నది మాటలతో తేలదని, నేల మీద రంగు టేపుతో గళ్లు వేశాను. ముందు సుద్దముక్కతో గీశాను, పది నిమిషాల్లో పాదాల కింద చెరిగిపోయింది. టేపు వాడండి. ఒక్కో గడి 30 సెంటీమీటర్లు, అటు 10, ఇటు 10. అంటే మూడు మీటర్లు అడ్డం, మూడు మీటర్లు నిలువు. పనంతా అయ్యేసరికి 40 నిమిషాలు పట్టింది కాబట్టి పిల్లలు రాకముందే వేసి ఉంచుకోవాలి.

చేసిన వరస:
1. మూల దగ్గర నిలబడి "ఇది సున్నా" అనుకోవాలి.
2. అడ్డంగా 4 అడుగులు. ఒక్కో అడుగూ ఒక గడి దాటి, తర్వాతి గీత మీద పడాలి.
3. అక్కడినుంచి నిలువుగా 3.
4. నిలబడ్డచోట ఒక సీసా మూత పెట్టి పక్కకు రావాలి.

అడుగు గీత మీద పడాలన్న నియమంతోనే గడి మధ్యలో రాసే అలవాటు చాలావరకు పోయింది. ఎందుకంటే సున్నా గీత మీద నిలబడినప్పుడు, ఒకటి అన్నది తర్వాతి గీత. గడి అన్నది నడిచిన దూరం, అంకె చేరుకున్న చోటు. ఇది వాళ్ల కాళ్లకు తెలిసింది.

అడ్డం ముందా, నిలువు ముందా అన్నదానికి గళ్ల నుడికట్టు పనికొచ్చింది. ఆధారాలు ఎప్పుడూ "అడ్డం" అని మొదలై, ఆ తర్వాతే "నిలువు" వస్తాయి కదా. ఇద్దరు పిల్లలకు అది ముందే అలవాటు, వాళ్లే మిగతావాళ్లకు చెప్పారు. నేను ఎక్స్, వై అని రెండు క్లాసులు చెప్పినా ఎక్కనిది, "అడ్డం ముందు" అన్న రెండు మాటలతో ఎక్కింది.

ఈ క్లాసులో ఒక్క గీత కూడా గీయనివ్వలేదు. మూతలే. కలపమని ఎవరైనా అడిగితే "ఇంకా లేదు" అన్నాను.

ఇప్పటివరకు: 3 క్లాసులు, మూడుముప్పావు గంటలు, 18 కాగితాలే.

దశ 3: చల్లారే నీళ్లు (క్లాసులు 4, 5)

నా పట్టిక వాళ్లకు అక్కర్లేని పట్టిక. అంకెలు వాళ్ల చేతుల్లోంచి రావాలనుకుని, వేడినీళ్లు ఎంతసేపట్లో ఎంత చల్లారతాయో కొలవడం పెట్టాను. ముగ్గురేసి మూడు జట్లు, జట్టుకో స్టీలు గ్లాసు, 200 మిల్లీలీటర్ల నీళ్లు.

జాగ్రత్తలు ముందు. నీళ్లు పోసేది పెద్దవాళ్లే, గ్లాసు ట్రేలో కదలకుండా ఉండాలి, 60 డిగ్రీలకు దిగాకే పిల్లల్ని దగ్గరికి రానివ్వాలి. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు వాడొద్దు, అది జ్వరం కొలతలకే గానీ వేడినీళ్లకు కాదు, పాడైపోతుంది. ఎర్ర ద్రవం ఉండే ల్యాబ్ థర్మామీటరు తీసుకోండి, పాదరసంది వద్దు.

మొదటి గంట దాదాపు వృథా అయింది. మూడు జట్ల అంకెలూ పొంతన లేకుండా వస్తున్నాయి. అనుమానం వచ్చి మూడు థర్మామీటర్లనూ ఒకే గ్లాసులో పెడితే 60, 61, 58 చూపించాయి. సరే, ఏ జట్టు థర్మామీటరు ఆ జట్టుదే, మధ్యలో మార్చుకోవద్దు అని పెట్టాను. ఇంకో జట్టులో పాప ప్రతిసారీ థర్మామీటరు బయటికి తీసి, వెలుతురు వైపు తిప్పి చదువుతోంది. తీసి చదివేలోపు రెండు డిగ్రీలు పడిపోతోంది. అడుగు తగలకుండా నీళ్లలోనే ఉంచి, కంటిని దాని ఎత్తుకు దించి చదవాలి.

ఐదో క్లాసులో మళ్లీ మొదటినుంచి చేశాం. ఒక జట్టుకు వచ్చిన కొలతలు:

0 నిమిషాలు: 60 డిగ్రీలు
5: 55
10: 51
15: 48
20: 45
25: 43
30: 41

"గడికి ఎంత" ఎంచుకోవడం ఇక్కడ అడ్డుపడింది. ఒకరు గడికి 3, ఒకరు గడికి 7 అన్నారు. గడికి 7 పెట్టుకుంటే 51 ఎక్కడ పెట్టాలో తేల్చడానికే ఐదు నిమిషాలు. అందుకని ఒక పద్ధతి:

1. అన్నిటికంటే పెద్ద విలువ చూడు: 60.
2. ఎన్ని గళ్లు ఖర్చు పెట్టగలవో చూడు: 15 అనుకుందాం.
3. భాగించు: 4.
4. 1, 2, 5, 10, 20, 50, 100 వీటిలో దానికి సరిపోయేది, లేదా దానికంటే పైనున్నది తీసుకో: 5.
5. సరిపోతుందో లేదో చూడు: 60ని 5తో భాగిస్తే 12 గళ్లు. సరిపోయింది.

నాలుగో మెట్టు గోడ మీద రాసి అంటించాను. చివరి క్లాసు దాకా అది అక్కడే ఉంది, తలెత్తి చూసుకుంటూనే ఉన్నారు.

చుక్కలు పెట్టారు. అప్పుడు అడిగాను: 5 నిమిషాలప్పుడు 55, 10 నిమిషాలప్పుడు 51. మరి 7 నిమిషాలప్పుడు నీళ్లున్నాయా? ఉన్నాయి టీచర్. వాటికి వేడి ఉందా? ఉంది. మనం చూశామా? లేదు. 55కీ 51కీ మధ్యలోనే ఎక్కడో ఉండి ఉంటుందా? ఉంటుంది. ఆ నమ్మకం ఉంది కాబట్టి ఇప్పుడు గీత గీయండి అన్నాను. మూడో క్లాసు నుంచి ఆపి ఉంచిన గీత అది. చూడని నిమిషాల గురించి ఒక మాట చెప్పడమే గీత పని అని, మళ్లీ గీత గీయడం మొదలుపెట్టినప్పుడే వాళ్లకు తెలియాలని నా పట్టుదల. చుక్కలు పెట్టగానే కలిపేయడం చేతికి అలవాటైతే, ఆ మాట ఇక ఎప్పటికీ వినపడదు.

ఆ తర్వాత జరిగింది ఈ పది క్లాసుల్లో నాకు బాగా నచ్చిన ఘట్టం. ఒక అబ్బాయి చివరి రెండు చుక్కల మీద రూలరు పెట్టి గీతను అలాగే ముందుకు లాగాడు. కాగితం అయిపోయింది. ఇంకో కాగితం పక్కన అంటించాడు. గడికి 5 నిమిషాల లెక్కన ఇరవై ఆరున్నర గళ్ల దగ్గర, అంటే రెండు గంటల పన్నెండున్నర నిమిషాలకు, గీత సున్నా డిగ్రీలకు తగిలింది. "అప్పటికి మంచు అవుతుంది" అన్నాడు. పక్కనున్న ఇద్దరికి నమ్మకం కుదరలేదు గానీ, గీత మాత్రం అలాగే చెబుతోంది.

గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది. మొదలుపెట్టి అప్పటికి సరిగ్గా 70 నిమిషాలు. నీ గీత ప్రకారం ఇప్పుడు ఎంతుండాలి నాన్నా అన్నాను. వేలితో వెతికి 25 అన్నాడు. థర్మామీటరు చూస్తే 33. మళ్లీ చూశాడు, 33. గదిలో గాలి ఎంత వేడి ఉందో చూడమంటే ఇంకో థర్మామీటరు 29 చూపిస్తోంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంటించిన కాగితం మీద రూలరు గీతను వదిలేసి, 33 దగ్గర చుక్క పెట్టి, అక్కడినుంచి వంగుతూ 29 వైపు నెమ్మదిగా పడుకునే గీతను చుక్కలు చుక్కలుగా గీశాడు. నేనేమీ చెప్పలేదు.

అందరి పట్టికలోనూ పక్కన ఒక గడి చేర్పించాను, "ఈ 5 నిమిషాల్లో ఎంత దిగింది" అని. 5, 4, 3, 3, 2, 2. గదికీ నీళ్లకీ తేడా తగ్గేకొద్దీ చల్లారడమూ నెమ్మదిస్తుంది. గీత వంపు అంటే ఈ అంకెలు తగ్గడమేనని చూపించడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు దొరకలేదు.

ఇప్పటివరకు: 5 క్లాసులు, ఆరుంబావు గంటలు, 38 కాగితాలు (అంటించినవి రెండు కలిపి). వచ్చినవాళ్లు 9లో 4.

దశ 4: కుంచించుకుపోయిన మొక్క (క్లాసు 6)

రెండో క్లాసు రోజునే కుండీలో చిక్కుడు గింజలు పెట్టించాను. మొలకెత్తాక రోజుకొకరు వంతులవారీగా ఎత్తు కొలిచి గోడ మీద రాయాలి. ఆరో క్లాసుకు ఉన్న పట్టిక:

5వ రోజు: 1.5 సెంటీమీటర్లు
6: 3.2
8: 7.9
9: 9.8
10: 9.1
11: 13.3

7వ రోజు ఎవరూ కొలవలేదు. మొదట అయ్యో అనుకున్నాను, తర్వాత అదే మేలైంది. ఐదుగురు 6 పక్క గడిలోనే 8 రాసేశారు. ఆ గ్రాఫులో 6కీ 8కీ మధ్య గీత నిటారుగా లేచింది. "ఈ రోజు బాగా పెరిగింది టీచర్, 4.7 పెరిగింది" అని చూపించింది ఒక పాప. ఎన్ని రోజుల్లో అని అడిగాను. ఒక రోజులో అంది. వేళ్ల మీద లెక్కపెట్టమన్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. రెండు రోజులు. మరి ఏడు ఎక్కడ అంటే కాగితమంతా వెతికింది.

దశ 1లో చెప్పిన మొండి తప్పు కదిలింది ఇక్కడే. బోర్డు మీది పట్టికలో ఖాళీ వదలమని ఎంత చెప్పినా ఎక్కలేదు. కానీ ఏడో రోజు కూడా మొక్క కుండీలోనే ఉందని, ఆ రోజు కూడా పెరిగిందని వాళ్లకు తెలుసు. కొలవకపోయినా రోజు రోజే, దానికి ఒక గడి ఇవ్వాలి. ఏడుకు చోటిచ్చి మళ్లీ గీస్తే ఆ నిటారు గీత మామూలైపోయింది, రోజుకు 2.35 చొప్పున. తర్వాతి రోజు 1.9. పెద్ద తేడా ఏమీ లేదు. 6 నుంచి 8 దాకా గీతను ముక్కలు ముక్కలుగా గీయాలని, మధ్యలో కొలత లేదని చూసేవాళ్లకు తెలియాలని ఒప్పందం చేసుకున్నాం.

పదో రోజు సంగతి వేరు. 9.8 నుంచి 9.1కి పడింది. పట్టిక గోడ మీద ఉన్నప్పుడు ఎవరూ గమనించలేదు, నేను కూడా. గీయగానే అందరికీ కనపడింది, గీత కిందికి వంగింది. మొక్క పొట్టిగా ఎలా అవుతుంది? వాడిపోయిందా, ఎవరైనా తుంచారా అని పెద్ద చర్చ. పదో రోజు కొలిచిన అబ్బాయిని మళ్లీ కొలిచి చూపించమన్నాం. రూలరును కుండీ అంచు మీద ఆనించాడు. మిగతావాళ్లంతా మట్టి మీద ఆనించారు. అంచుకూ మట్టికీ తేడా కొలిస్తే 2.5 సెంటీమీటర్లు. 9.1కి 2.5 కలిపితే 11.6, సరిగ్గా 9.8కీ 13.3కీ మధ్యలో పడింది.

మార్పు: సెంటీమీటర్లు గుర్తులు పెట్టిన ఒక పుల్లను, సున్నా మట్టి దగ్గరుండేలా, కుండీలోనే గుచ్చాం. ఎవరు కొలిచినా దానితోనే. మీరూ మొదటి రోజే గుచ్చండి. ఇంకో మాట, చాలా ప్లాస్టిక్ రూలర్లకు అంచు దగ్గర సున్నా ఉండదు, కొన్ని మిల్లీమీటర్లు లోపల మొదలవుతుంది. అది కూడా చూసుకోవాలి.

ఇప్పటివరకు: 6 క్లాసులు, ఏడున్నర గంటలు, 56 కాగితాలు. వచ్చినవాళ్లు 9లో 6.

దశ 5: గీత కొండ కాదు (క్లాసులు 7, 8)

గీయడం దారిలో పడింది, చదవడం పడలేదు. పైకి లేచి, కాసేపు సమంగా ఉండి, కిందికి దిగే గీత ఒకటి చూపించాను. అడ్డం టైము, నిలువు తలుపు దగ్గర నుంచి దూరం. ఇది ఒక మనిషి నడక, కథ చెప్పండి అన్నాను. 9 మందిలో 7 మంది "గుట్ట ఎక్కాడు, పైన నడిచాడు, దిగాడు" అన్నారు. అక్షాల మీద పేర్లు రాసే ఉన్నాయి, చదివారు కూడా. అయినా గీత ఆకారమే బొమ్మలా కనపడుతోంది.

వరండాలో 10 మీటర్ల టేపు అతికించి, మీటరుకో గుర్తు పెట్టాను. ఒకరు నడవాలి, ఒకరు రెండు సెకన్లకోసారి "ఊ" అనాలి, ఒకరు దూరం చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. అస్సలు కుదరలేదు. 8 కొలతల్లో 5 తప్పిపోయాయి. చూసి చెప్పేలోపు నడిచేవాడు ముందుకెళ్లిపోతున్నాడు.

రెండోసారి మార్చినవి:
1. నడిచేవాడి చేతిలోనే సీసా మూతలు. "ఊ" అన్నప్పుడల్లా పాదం దగ్గర ఒకటి వదలాలి.
2. వెళ్లేటప్పుడు నీలం మూతలు, తిరిగొచ్చేటప్పుడు ఎర్రవి. మొదట అన్నీ ఒకే రంగు వాడితే ఏది వెళ్తున్నప్పటిదో, ఏది వస్తున్నప్పటిదో కలిసిపోయింది.
3. ఆగి నిలబడినా మూత వదలాల్సిందే.
4. నడక అయ్యాకే తీరిగ్గా కొలవడం.

ఒక పాప నడక: 0 సెకన్లకు 0, 2కి 1.6 మీటర్లు, 4కి 3.3, 6కి 5, 8కి 5, 10కి 5, 12కి 2.4, 14కి 0. అయిదు మీటర్ల దగ్గర మూడు మూతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. గ్రాఫులో ఆ మూడూ అడ్డంగా ఒకే ఎత్తులో మూడు చుక్కలయ్యాయి. అడ్డంగా ఉన్న గీత అంటే "సమంగా నడిచాడు" అనుకుంటున్న పిల్లలకు ఆ మూతల కుప్ప చూపిస్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

తర్వాత తిరగేశాం. ముందు నేను గీత గీస్తాను, దాన్ని నడిచి చూపించాలి. మధ్యలో ఒక నిలువు గీత పెట్టాను. ఒక అబ్బాయి రెండుసార్లు పరుగెత్తి చూసి, "అదెలా కుదురుతుంది, టైం అవ్వకుండా నాలుగు మీటర్లు దూకాలి" అన్నాడు. నిలువు గీత నడవలేనిది అని అదే క్లాసులో తేలిపోయింది.

ఒకటి ఇంకా పూర్తిగా పోలేదు. రెండు గీతలు చూపించి ఐదో సెకనులో ఎవరు వేగంగా ఉన్నారంటే, పైన ఉన్న గీతనే చూపిస్తారు. ఎత్తు వేరు, ఏటవాలు వేరు. ఒక గడి అడ్డంగా వెళ్తే ఎన్ని గళ్లు ఎక్కింది అని వేలితో మెట్లెక్కించడం వల్ల కొంత నయమైంది. గుట్ట కథ మళ్లీ పెడితే ఈసారి ఇద్దరే గుట్ట ఎక్కించారు.

ఇప్పటివరకు: 8 క్లాసులు, 10 గంటలు, 74 కాగితాలు. గీయడంలో వచ్చినవాళ్లు 9లో 6, చదవడంలో 9లో 7.

దశ 6: ఎప్పుడు కలపకూడదు (క్లాసు 9)

తొమ్మిది మందికీ ఇష్టమైన రంగులు లెక్కపెట్టి గ్రాఫు గీయమన్నాను, ఏ గ్రాఫో చెప్పలేదు. నలుగురు చుక్కలు పెట్టి కలిపేశారు. ఎరుపుకూ నీలానికీ మధ్యలో ఏముంది అని అడిగాను. ఏమీ లేదు. మరి గీత అక్కడ ఏం చెబుతోంది? ఏడు నిమిషాల నీళ్ల ప్రశ్న గుర్తుండబట్టి వాళ్లే కొట్టేసి కమ్మీలు గీశారు.

ఇక్కడ విలియం ప్లేఫెయిర్ గురించి చెప్పాను. 1786లో లండన్‌లో అచ్చయిన పుస్తకంలో ఇంగ్లండు ఎగుమతులు, దిగుమతులు ఏటేటా ఎలా మారాయో గీతలుగా వేసి చూపించిన మనిషి. అందులోని 44 పటాల్లో 43 అలాంటివే. స్కాట్లాండుకు మాత్రం ఆయన దగ్గర ఒక్క ఏడాది లెక్కలే ఉన్నాయి, 1780 క్రిస్మస్ నుంచి 1781 క్రిస్మస్ దాకా. కాలం వెంట సాగే అంకెలు లేనప్పుడు గీత గీయలేడు కదా, అందుకని ఏ దేశంతో ఎంత వ్యాపారమో కమ్మీలుగా వేశాడు. "ఆయన కూడా కలపలేదా" అని ఒక పాప చాలా సంతోషపడింది. ఆ ఇబ్బంది వాళ్లకు ఇప్పుడు తెలుసు కాబట్టి ఆ ముక్క అంత బాగా అందింది. మొదటి క్లాసులో చెప్పి ఉంటే ఒక పేరు, ఒక సంవత్సరం అయ్యేది.

మిగిలిన టైంలో అవే నీళ్ల అంకెలు రెండు రకాలుగా గీయించాను. ఒకటి 0 నుంచి గడికి 5, ఇంకోటి 40 నుంచి గడికి 1. పక్కపక్కన పెట్టి ఏ నీళ్లు త్వరగా చల్లారాయి అంటే 8 మంది రెండోదే అన్నారు. అంకెలు చదివాక ఉలిక్కిపడ్డారు. లైన్ గ్రాఫు సున్నా నుంచే మొదలవ్వాలని నేను పట్టుబట్టను, కమ్మీలైతే పట్టుబడతాను, కమ్మీ పొడవే దాని విలువ కాబట్టి. లైన్ గ్రాఫులో మాత్రం సున్నా వదిలేస్తే అక్షం అడుగున వంకర గుర్తు పెట్టాలి, చూసేవాళ్లు ముందు అక్కడ చూడాలి.

ఇప్పటివరకు: 9 క్లాసులు, పదకొండుంబావు గంటలు, 92 కాగితాలు.

దశ 7: కొత్త ప్రయోగం, నా సాయం లేకుండా (క్లాసు 10)

మెడ సన్నగా ఉండే గాజు సీసా, కొలపాత్ర, రూలరు. నీళ్లు పోస్తూ ఎత్తు కొలవాలి. పట్టిక ఎలా వేయాలో, గడికి ఎంతో, ఏదీ చెప్పలేదు. మెడ దగ్గరికొచ్చాక మాత్రం 100కి బదులు 25 మిల్లీలీటర్లే పోయమన్నాను. కావాలనే.

100 మిల్లీలీటర్లకు 2.6 సెంటీమీటర్లు, 200కి 5.2, 300కి 7.8, 400కి 10.4, 425కి 11.2, 450కి 12.4, 475కి 15.9.

గడికి 50 మిల్లీలీటర్లు తీసుకుని, 425ని సగం గడి దగ్గర పెట్టినవాళ్లకు గీత 400 దాకా తిన్నగా వెళ్లి, అక్కడినుంచి ఏటవాలు పెరుగుతూ మెడ దగ్గర నిటారుగా లేచింది. సీసా ఆకారం గీతలో కనపడింది. 7 మందికి ఆరు అంశాలూ సరిగ్గా వచ్చాయి. ఒక అబ్బాయి యూనిట్లు రాయలేదు.

తొమ్మిదో పాప మళ్లీ జాబితాలోకే వెళ్లింది. 100, 200, 300, 400, 425, 450, 475, అన్నీ గడికొకటి. ఆమె గీత 400 దగ్గర ఒక్కసారిగా పడుకుంది. నీళ్లు అక్కడ నెమ్మదిగా పెరిగాయని, అంటే సీసా అక్కడ వెడల్పయిందని ఆ గీత అంటోంది. నేను తప్పని చెప్పలేదు, నీ గ్రాఫు చదువు అన్నాను. చదివింది. "ఇక్కడ సీసా లావవుతుంది" అంది. సీసా వైపు చూసింది. మెడ మొదలయ్యే చోట వేలు పెట్టి, గ్రాఫులో 400 దగ్గర ఇంకో వేలు పెట్టి, రెండుసార్లు అటూ ఇటూ చూసి, రబ్బరు కూడా తీసుకోకుండా పక్క ఖాళీలో కొత్త అక్షం గీయడం మొదలుపెట్టింది. 400 తర్వాత సగం గడి దగ్గర చిన్న గుర్తు పెట్టి 425 అని రాస్తుండగా క్లాసు టైం అయిపోయింది. కాబట్టి లెక్కలో 7గానే ఉంచాను.

మొత్తం: 10 క్లాసులు, పన్నెండున్నర గంటలు, 101 కాగితాలు. వచ్చినవాళ్లు 9లో 7.